జమ్మికుంట అవ్వ గిన్నె

మొన్న ఆదివారం అమ్మ పాత స్టీలు సామాను ముందేసుకుని కూర్చుంది. అడుగు సొట్టపోయిన గిన్నె ఒకటి చేతికొస్తే తిప్పి చూశాను. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు, మా ఇంట్లో ఎవరి పేరూ కాదు. "దీన్ని పాత సామానోనికి ఎయ్యకే" అన్నాను. "నేనెందుకేస్త?" అని నా చేతిలోంచి గుంజుకుని మళ్ళీ పై అరలో పెట్టింది. ఆ గిన్నె కథ చెప్పాలంటే హన్మకొండలో మేమున్న వాడ గురించి చెప్పాలి, అది మొదలుపెడితే నేను తొందరగా ఆపను, ముందే చెప్తున్నా.

1992లో ఎండాకాలం సెలవులు అయిపోయే టైముకు మేం హన్మకొండ వచ్చాం. బాపుది ఇరిగేషన్ ఆఫీసులో క్లర్కు ఉద్యోగం, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాడు. అంతకుముందు వేములవాడ. వేయిస్తంభాల గుడికి పది నిమిషాల నడక దూరంలో ఒక వాడ, ఒక ఆటో లోపలికొస్తే ఎదురుగా వచ్చేది వెనక్కి పోవాల్సిందే. ఎనిమిది ఇండ్లు, అందులో అయిదు పెంకుటిండ్లు. ఒకాయన ఇంటి వెనక రెండు గదులు మాకు కిరాయికి దొరికినయ్. కులం అడిగి, ఎంతమంది పిల్లలని అడిగి, నీళ్ళు ఎక్కువ వాడొద్దని చెప్పి, అప్పుడు తాళంచెవి ఇచ్చారు. ఇది కూడా రాయాలి, లేకపోతే ఆ వాడ ఏదో స్వర్గమన్నట్టు అనిపిస్తుంది.

అక్కడ ఆడవాళ్ళకు పేర్లుండేవి కావు. పుట్టిన ఊరే పేరు. పరకాలామె, నర్సంపేటామె, జనగామామె. పరకాల నుంచి ఇద్దరు కోడండ్లు వచ్చారు కాబట్టి పెద్ద పరకాలామె, చిన్న పరకాలామె. మగవాళ్ళకైతే చేసే పనే పేరు: కాజీపేటలో గూడ్సు బండికి పోయేటాయన రైలాయన, లైన్‌మన్ కరెంటాయన, మూల ఇంట్లో టైలర్ చాచా. పిల్లలమైతే ఫలానా ఆమె కొడుకు, ఫలానా ఆమె బిడ్డ, అంతే. మా అమ్మ నెల తిరగకముందే 'వేములాడామె' అయిపోయింది, నేను 'వేములాడామె చిన్నోడు'. మా ఎదురింట్లో ఉండే ముసలామె జమ్మికుంట అవ్వ.

అవ్వతో మాకు పరిచయం కొట్లాటతోనే అయింది. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, అదీ తెల్లారుజామున. నీళ్ళొచ్చే ముందు నల్లా ఒకసారి దగ్గుతుంది, బుస్సుమని గాలి వదులుతుంది, ఆ చప్పుడుకు వాడంతా లేచేది. లైన్లో రాత్రే బిందెలు పెట్టేవాళ్ళు, బిందె పెట్టడానికి భయమైతే పగిలిన బకెట్టో ఒక రాయో పెట్టేవాళ్ళు, ఆ రాయి ఎవరిదో అందరికీ తెలిసేది. మేం వచ్చిన రెండో వారం అమ్మ రాత్రి పెట్టిన బిందె పొద్దున చూస్తే అయిదు బిందెల వెనక ఉంది. ఎవరు జరిపారంటే అందరూ జమ్మికుంట అవ్వ వైపు చూశారు. అవ్వ ఏమాత్రం తడబడకుండా, "కొత్తోళ్ళు ఎన్కకెళ్ళి రావాలె" అంది. అమ్మకు కొట్లాడటం రాదు. ఇంటికొచ్చి కండ్లు తుడుచుకుంది, బాపు "పోనియ్యే" అన్నాడు, ఆ రోజు నేను స్నానం లేకుండానే బడికి పోయాను.

మళ్ళీ నల్లా వచ్చిన రోజు అవ్వే అమ్మ బిందె ఎత్తి ముందర పెట్టింది. "పిలగాండ్లను బడికి తోలాలె గదా, నువ్వు ముందుగాల పట్టుకో" అంది. ఎందుకు మనసు మార్చుకుందో ఇప్పటికీ తెలియదు. బహుశా చిన్నోడు స్నానం లేకుండా పోతున్నాడని చూసి ఉంటుంది. అవ్వ అరుగు మీద కూర్చుంటే వాడలో కనబడనిది ఉండేది కాదు మరి.

ఆ ఏడాదే బతుకమ్మ పండుగకు ఇంకోటి జరిగింది, అది చెప్పకపోతే ఇదంతా చెప్పి దండగ. వరంగల్, హన్మకొండ వైపు బతుకమ్మ తొమ్మిది రోజులు. పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ, ఆ రోజు వేయిస్తంభాల గుడి దగ్గర ఇసుక వేస్తే రాలనంత మంది, ఆఖరి రోజు సద్దులు, అంటే పెద్ద బతుకమ్మ ఆడి కలిపిన అన్నాలు పంచుకునే రోజు, ఆ రోజు పద్మాక్షి గుట్ట కింద గుండానికి జనమే జనం. కానీ మా వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడో రోజుకే. అమ్మకు అది తప్ప వేరే లెక్క తెలియదు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఎవరూ ఆడరు కదా, ఆ సాయంత్రం బాపు సైకిల్ మీద ఊరవతలికి పోయి తంగేడు, గునుగు కోసుకొచ్చాడు. గునుగు పూలు కట్టలు కట్టి, కొసలు కత్తిరించి, గులాబీ రంగులో సగం, ఆకుపచ్చలో సగం ముంచితే మా చేతులు మూడు రోజులు అట్లనే ఉన్నాయి. ఏడో రోజు పొద్దుమూకే టైముకు అమ్మ నా నడుము ఎత్తు బతుకమ్మ పేర్చి, మీద గుమ్మడిపూవులో పసుపు గౌరమ్మను పెట్టి, పట్టుచీర కట్టుకుని గడపలో నిలబడింది. వాడలో ఎవరూ లేరు. అందరి వాకిండ్లల్లో రోజువారీ చిన్న బతుకమ్మలే.

అవ్వ ఎదురరుగు మీంచి చూసి వచ్చింది.

"ఏంది బిడ్డా, గింత పెద్దగ పేర్చినవు? సద్దులు ఎల్లుండి గదా?"

"మా వేములాడల ఏడొద్దులకేనవ్వా."

"ఏడొద్దులకా? గట్లెందుకు?"

"అత్తగారింట్ల ఏడొద్దులకు ఆడి, మల్ల తల్లిగారింటికి పోయి తొమ్మిదొద్దులకు ఆడతరని మా అమ్మ చెప్పేది."

అవ్వ కాసేపు బతుకమ్మను చూసింది. అమ్మ మొహం చూసింది. "మంచిగనే ఉన్నది గద, రెండుసార్ల సద్దులు తినొచ్చు" అని నవ్వి, ఇంటింటికీ పోయి తలుపులు కొట్టింది. బట్టలు ఉతుకుతున్నామె కొంగు నడుముకు దోపుకునే వచ్చింది, చిన్న పరకాలామె చంకలో పిల్లతో వచ్చింది. పట్టుచీర కట్టుకుంది అమ్మ ఒక్కతే. ఏడెనిమిది మంది, వాడ నడుమ, ఆ ఒక్క బతుకమ్మ చుట్టూ తిరిగారు, పాట ఎత్తుకుంది అవ్వే. అమ్మ పొద్దున కలిపిన పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద అన్నీ నిమిషాల్లో అయిపోయినయ్. గుండం దాకా ఎవరు పోతారని వాడ చివరి బావిలోనే నిమజ్జనం చేశారు. రెండు రోజులకు తొమ్మిదో రోజు మళ్ళీ అందరూ పేర్చారు, అమ్మ కూడా పేర్చింది. ఆ తర్వాత మేం అక్కడున్న ఇరవై ఒక్క ఏండ్లూ మా వాడలో సద్దులు రెండుసార్లే. చుట్టుపక్కల వాడలోళ్ళు నవ్వేవాళ్ళు, తిండి మీద ఆశ అని. నిజమే, కాదని ఎవరన్నారు?

గిన్నెల సంగతి ఇక్కడే మొదలైంది. మలీద తిన్న ఇండ్ల నుంచి మర్నాడు గిన్నెలు రావడం మొదలైంది. ఒక గిన్నె వస్తే ఖాళీగా తిరిగి పంపొద్దు, ఇది చట్టం. ఏమీ లేకపోతే చారెడు చక్కెరన్నా, రెండు మిరపకాయలన్నా వేసి పంపాలి. రంజాన్‌కు చాచా ఇంటి నుంచి క్యాన్‌లో షీర్ కుర్మా వచ్చేది, క్యాన్ తిరిగి పోయేటప్పుడు అమ్మ అందులో ఏం పెట్టాలా అని రెండు రోజులు టెన్షన్ పడేది. ఏ గిన్నె ఎవరిదో గుర్తుపట్టడానికి వాటి మీద చెక్కిన పేర్లు పనికొచ్చేవి కావు, ఎందుకంటే ఆ పేర్లు పెండ్లిలో పెట్టినవాళ్ళవి, అప్పటికి చచ్చిపోయిన మేనమామలవి, దూరపు చుట్టాలవి. సొట్టలను బట్టి గుర్తుపట్టేవాళ్ళం.

అవ్వ భర్తను మిల్లు తాత అనేవాళ్ళం. వరంగల్‌లో ఆజంజాహి మిల్లులో పనిచేసి దిగిపోయాడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది. తాత మాట్లాడటం తక్కువ, దగ్గు ఎక్కువ. పొద్దున ఠంచనుగా లేచి, బయటికి పోవడానికి తయారై, అరుగు మీద కూర్చునేవాడు. ఎక్కడికీ పోయేది లేదు. మేం వచ్చిన మూడో ఏడు పోయాడు. కొడుకు భివండీలో, పవర్‌లూమ్‌ల మీద. మన దగ్గర మగ్గం పని తెలిసినవాళ్ళు ఎంతమంది భివండీ, సూరత్ పోలేదు, వాళ్ళలో ఒకడు.

ఆ కొడుక్కు ఉత్తరాలు రాసే పని నాకు పడింది. ఆరో తరగతిలో ఉన్నాననుకుంటా. అవ్వ నీలం రంగు ఇన్లాండ్ లెటర్ పట్టుకుని వచ్చేది, "ఓ చిన్నోడా, జర రాసియ్యరా" అని. నేను మోకాలి మీద అట్ట పెట్టుకుని రాసేవాణ్ణి, అవ్వ నా పక్కన కూర్చుని వత్తులు చేసుకుంటూ చెప్పేది. ఎప్పుడూ ఒకటే: నేను మంచిగనే ఉన్న, నువ్వు తిండి మంచిగ తిను, పిల్లలను బడికి తోలు, పైసలు పంపకున్నా ఏం కాదు, ఇంటి మీది పెంకులు ఈసారి తిప్పిచ్చిన, వాన కురుస్తలేదు. ఆఖరుకు "ఇట్లు, మీ అమ్మ". వెనక పంపినవారి చిరునామా దగ్గర పేరు రాయాలి కదా, నేను అడిగాను, "అవ్వా, నీ పేరేంది?" "నా పేరెందుకురా, వానికి తెల్వదా? ఇంటి నంబరెయ్యి" అంది. ఇంటి నంబరు వేశాను. అన్ని ఉత్తరాలకూ అదే.

ఒకసారి మాత్రం నేను తప్పు చేశాను. అప్పటికి అవ్వకు కండ్లు సరిగా కనబడటం లేదు. వత్తులు దీపంలో పెట్టబోయి పక్కన పెట్టడం, మా ఇంటికి వస్తూ గడప తన్నుకోవడం నేను రోజూ చూసేవాణ్ణి. ఆ ఉత్తరంలో కూడా "మంచిగనే ఉన్న" అని చెప్పింది. నేను అది రాసి, కింద మడత లోపల చిన్న అక్షరాల్లో "అవ్వకు కండ్లు కనిపిస్తలేవు, నిన్న కింద పడ్డది" అని నా సొంతంగా రాసి అంటించేశాను. ఇరవై రోజులకు కొడుకు దిగాడు. సర్కారు దవాఖాన ఎంజీఎంలో కాదు, వేరే దగ్గర కంటి ఆపరేషన్ చేయించి, నల్ల అద్దాలు కొనిచ్చి పోయాడు. అతను పోయిన రోజు సాయంత్రం అవ్వ నన్ను పిలిచింది. నల్ల అద్దాల్లోంచి చూస్తోందో లేదో తెలియడం లేదు.

"నేను చెప్పంది రాసినవట గద?"

నేను పారిపోదామనుకున్నా. చెవి పట్టుకుంది, గట్టిగానే మెలేసింది. తర్వాత కొంగు ముడి విప్పి అందులోంచి నువ్వుల ముద్ద తీసి నోట్లో పెట్టింది. ఏది నిజమైన శిక్షో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, ఆ ముద్ద కొంగులో ఎప్పటి నుంచి ఉందో, గట్టిగా రాయిలాగా ఉంది.

వాడలో ఫోన్ మొదట వచ్చింది కరెంటాయన ఇంట్లో. మా అందరి నంబరూ అదే, పక్కన పి.పి. అని రాసుకునేవాళ్ళం. దూరం నుంచి ఫోన్ వస్తే వాళ్ళ పిల్ల వీధిలోకి వచ్చి గొంతెత్తి అరిచేది, మనం పోయేసరికి కరెంటాయన కుటుంబమంతా చుట్టూ కూర్చుని ఉండేది. రహస్యాలు మాట్లాడుకునే వీలే లేదు. నా పదో తరగతి ఫస్ట్ క్లాస్ సంగతి నాకంటే ముందు జనగామామెకు తెలిసింది.

మేడారం పోయింది 1998లో. జాతర రెండేండ్లకోసారి, ఆ ఏడు వాడంతా కలిసి ఒక వ్యాను మాట్లాడుకున్నాం, అవ్వ ఒక్కతే రాలేదు. "నేను ఎన్ని జాతరలు జూసిన బిడ్డా, ఇండ్లు ఎవలు జూస్తరు?" అంది. ఎనిమిదిండ్లలో ఏడిండ్ల తాళంచెవులు అవ్వ కొంగుకే కట్టి పోయాం, నడిస్తే గలగలమనేది. జంపన్నవాగులో స్నానాలు, సమ్మక్క గద్దెనెక్కే రాత్రి, ఆ దుమ్ము, దాని గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేస్తున్నా. తిరిగి వచ్చేసరికి అన్ని ఇండ్ల ముందూ ఊడ్చి సాన్పి చల్లి ఉంది. అందరం తెచ్చిన బంగారం, అంటే బెల్లమే, మేడారంలో బెల్లాన్ని అట్లే అంటాం, ముందు అవ్వకే పెట్టాం. ఏడు ఇండ్ల బెల్లం. ఆ నెలంతా అవ్వ ఇంట్లో ఏది తిన్నా తియ్యగానే ఉండేది.

ఇక సకినాలు. సంక్రాంతికి పది రోజుల ముందు నుంచి ఎవరి ఇంట్లో ఎప్పుడు అని వంతులు వేసుకునేవాళ్ళు. రాత్రి బియ్యం నానబోసి, పొద్దున నీళ్ళు వంచి, తడి ఆరకముందే గిర్నీ పట్టించి, జల్లించి, తెల్ల నువ్వులు, ఓమ, ఉప్పు వేసి కలపాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్ళందరూ ఆ ఇంట్లో దిగేవాళ్ళు. నేల మీద ఉతికిన ధోతి పరిచి, ముందు పిండితో గౌరమ్మను చేసి పెట్టి, ఎవరి మూల వాళ్ళు పట్టుకుని సుట్టడం మొదలు. చూడటానికి ఏముంది, పిండి తీసి వేళ్ళ మధ్య మెలితిప్పుతూ గుండ్రంగా తిప్పడమే అనిపిస్తుంది. నేను ఒకసారి కూర్చున్నా. పిండి మెలి పడదు, పడితే తెగుతుంది, తెగకపోతే ఒక దగ్గర లావు ఒక దగ్గర సన్నం. "నీది సకినం కాదురా, జెర్రి" అంది నర్సంపేటామె.

అవ్వ సుట్టేది చూడాలి. ఆపరేషన్ అయినా ఒక కన్ను అంతంతమాత్రమే. చేతివైపు చూసేదే కాదు. మొహం పక్కామె వైపు, మాట ఎక్కడో, బొటనవేలు చూపుడువేలు మాత్రం వాటంతటవి తిరుగుతుండేవి, నాలుగు సుట్లు, ఒకదాన్నొకటి అంటీ అంటకుండా, చివర తోక లోపలికి అదిమి ఇంకోటి. ఆ నాలుగు గంటల్లో వాడ చరిత్ర మొత్తం నడిచేది. ఎవరి ఆడబిడ్డ ఏమంది, ఎవరి మరిది తాగి వచ్చాడు, ఎవరికి పుస్తెలు కుదువపెట్టాల్సి వచ్చింది. ఏడ్పులు కూడా అక్కడే. ఒకసారి చిన్న పరకాలామె సుడుతూ సుడుతూనే ఏడుస్తుంటే ఎవరూ ఎందుకని అడగలేదు, అవ్వ మాత్రం "పిండి ఆరుతది, సుట్టు" అంది. ఆ రాత్రి అవ్వే వాళ్ళింటికి పోయి ఆమె మొగుణ్ణి అరుగు మీదికి పిలిచి ఏదో మాట్లాడింది. ఏం మాట్లాడిందో మా అమ్మకు తెలుసు, నాకు చెప్పదు.

సాయంత్రానికి ధోతి మీద సకినాలు తడి ఆరి కొంచెం గట్టిపడ్డాక నూనెలో వేసేవాళ్ళు. కాలినవాటిని సన్నటి చువ్వతో నడిమి బొందలోంచి గుచ్చి తీసి వెదురు బుట్టలో వేస్తే ఆ వాసన మూడు ఇండ్ల అవతలికి పోయేది. ఎవరి ఇంట్లో చేసినా అన్ని ఇండ్లకూ పంపాలి, అందుకని చివరికి ప్రతి ఇంట్లోనూ ఎనిమిది రకాల సకినాలు ఉండేవి. రుచి చూసి ఇవి ఎవరివో చెప్పేవాళ్ళం. ఓమ ఎక్కువైతే జనగామామెవి.

ఇంతా చేసి, వాడలో మగవాళ్ళకు ఒకరితో ఒకరికి పెద్దగా మాటల్లేవు. ఆడవాళ్ళను నల్లా కలిపింది, పిల్లలను క్రికెట్ కలిపింది, వీళ్ళు పొద్దున పోవడం రాత్రి రావడం. వాళ్ళు ఒకరికొకరు తెలిసింది 2011లో. సెప్టెంబర్ 13 నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, నలభై రెండు రోజులు. బాపుకు ఆఫీసు లేదు, రైలాయన తప్ప ఎవరికీ డ్యూటీ లేదు, సింగరేణి బొగ్గు ఆగిపోయి గంటలు గంటలు కరెంటు లేదు. కరెంటాయన కూడా చీకట్లో అరుగు మీదే. ఇరవై ఏండ్లు పక్కపక్కనే ఉన్న మగవాళ్ళు అప్పుడు మొదటిసారి కూర్చుని మాట్లాడుకున్నారు. మెయిన్ రోడ్డు మీద నిరసనగా వంటావార్పు అంటే మా వాడ నుంచి పెద్ద గంజు పోయింది, ఉల్లిగడ్డలు బాపు కోశాడు. బాపు కత్తిపీట పట్టుకోవడం మేం అప్పుడే చూశాం. అవ్వను కుర్చీ వేసి రోడ్డు నడుమ కూర్చోబెడితే, అన్నం ఉడికిందో లేదో మెతుకు నలిపి చెప్పింది.

2013లో మేం ఊరికి అటు చివర అపార్ట్‌మెంట్‌కు మారిపోయాం. సామాను కట్టే వారమంతా అన్ని ఇండ్ల నుంచి గిన్నెలు వచ్చాయి, వంట చేసుకోవడానికి వీలుండదని. ఆఖరి రోజు అవ్వ పప్పుచారు పంపింది. ఆ గిన్నె కడిగి పెట్టిన అమ్మ, ట్రక్కు తొందరలో మిగిలిన సామానుతో అదీ మూటలో కట్టేసింది. కొత్తింట్లో విప్పితే బయటపడింది.

మర్నాడే పోయి ఇచ్చి రావొచ్చు. కానీ ఖాళీ గిన్నె ఎట్లా ఇస్తాం? ఏదన్నా మంచిది చేసి అందులో పెట్టి ఇద్దామని అమ్మ. అరిసెలు చేసినప్పుడు అనుకుంది, బాపుకు ఒంట్లో బాగాలేక ఆగింది. సకినాలు చేసినప్పుడు, అవి సరిగా రాలేదని ఆగింది, అవ్వకు అట్లాంటివి పంపితే ఏమంటుందో అని. మేం పోయినప్పుడల్లా ఏదో ఒక తొందరలో పోయాం, గిన్నె గుర్తుకొచ్చేది దారిలోనో, తిరిగొచ్చాకో. అవ్వ కూడా అడిగేది కాదు. ఒకసారి మాత్రం, "నా గిన్నె నీ తానున్నది లే, ఉండనియ్" అంది.

2016 దసరా. అది అక్టోబర్ 11, ఆ రోజే కొత్త జిల్లాలు వచ్చాయి. మా వాడ వరంగల్ అర్బన్ జిల్లాలోకి పోయింది (2021లో మళ్ళీ పేరు మారి హన్మకొండ జిల్లా అయింది), అమ్మ వేములవాడ రాజన్న సిరిసిల్ల జిల్లా అయింది, జమ్మికుంట మాత్రం కరీంనగర్‌లోనే ఉంది. సాయంత్రం ప్రతి ఏడులాగే జమ్మి ఆకు తీసుకుని పాత వాడకు పోయాం, పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళు మొక్కడానికి. ఆటోలో అమ్మ, "గిన్నె మల్ల మర్శిన" అంది.

వాడ మొదట్లో కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టి ఉంది, శ్రద్ధాంజలి అని. వానకు రంగు కారిపోయింది. నల్ల అద్దాల ఫోటో. కింద పేరు. మేమిద్దరం ఆ పేరు చదివి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గిన్నె మీద చెక్కిన పేరు అదే. మూడేండ్ల నుంచి రోజూ వంటింట్లో చూస్తున్న పేరు, ఎవరో పెండ్లిలో పెట్టినవాళ్ళది అనుకున్న పేరు. ఆ పేరు ఇక్కడ రాయను. పెద్ద పేరు, నిండుగా ఉంటుంది, ఆ పేరుతో అవ్వను ఎవరన్నా పిలవగా నేను వినలేదు.

నెల దాటిందట పోయి. మాకు చెబుదామంటే ఎవరి దగ్గరా నా కొత్త నంబరు లేదు. భివండీ నుంచి వచ్చేసిన కొడుకు ఉన్నాడు ఇంట్లో, తల నెరిసింది. చేతిలో జమ్మి పెట్టి అలయ్ బలయ్ తీసుకుంటే నన్ను వదల్లేదు. "ఉత్తరాలు రాసేది నువ్వే గదా" అన్నాడు. "ఆ కండ్ల ఉత్తరం ఇంక ఉన్నది నా దగ్గర." అమ్మ చాలాసేపు అరుగు మీద కూర్చుంది. పెద్ద పరకాలామె వచ్చి పక్కన కూర్చుని, "ఈసారి గూడ ఏడొద్దులకు ఆడినం వేములాడామే, అవ్వ లేదని ఆపలే" అంది.

అపార్ట్‌మెంట్‌లో మొత్తం ఇరవై ఫ్లాట్లు. వాట్సాప్ గ్రూపులో అందరి పేర్లూ ఉన్నాయి, పక్కన ఫ్లాట్ నంబర్లతో సహా. అమ్మకు ఆ పేర్లు నోట్లో తిరగవు. పోయిన సంక్రాంతికి సకినాలు సుట్టడానికి ఒక్కతే కూర్చుంది, నేను ధోతి పరిచి ఇచ్చి పిండి తడి ఆరకుండా గుడ్డ కప్పుతూ ఉన్నా, నా జెర్రులు నావి. తలుపు తీసి ఉండటంతో లిఫ్ట్ కోసం నిలబడ్డ పై అంతస్తు అమ్మాయి తొంగి చూసింది. చదువుకున్న పిల్ల, ఏదో ఆఫీసుకు పోతుంది, ఎప్పుడూ చెవిలో వైర్లు ఉంటాయి.

"సకినాలా ఆంటీ? మా అమ్మ చేసేది."

"మీది ఏ ఊరు బిడ్డా?" అమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"హుస్నాబాద్."

"అయితే సుట్టొస్తది నీకు. రా."

ఆ పిల్ల చెవిలో వైర్లు తీసి, చెప్పులు బయట విడిచి వచ్చి కూర్చుంది. నాకంటే నయం. వెళ్ళేటప్పుడు అమ్మ వేడివేడివి ఇరవై ఇచ్చింది, స్వీట్ షాపు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి. పై అరలో గిన్నె ఉంది కదా అన్నాను. అమ్మ వినిపించుకోలేదు.

నాలుగు రోజులకు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ ప్లాస్టిక్ డబ్బా టేబుల్ మీద ఉంది. మూత తీస్తే లోపల ఉప్పు వేసి ఉడకబెట్టిన కందికాయలు, ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

"హుస్నాబాదామె ఇచ్చింది" అంది అమ్మ వంటింట్లోంచి. "వాళ్ళ చెల్కలయట. సల్లారకముందే తిను."